పశ్చిమామెరికా గోపాలగీతములు: కర్తృవిచారము

జానపదగీతములకు కర్త యెవ్వడును లేడనియు, అవి జనసమూహమునుండి తమంత తామే పుట్టునవనియు చెప్పెడి వాద మొకటి కలదు. ఈ వాద మెంతవఱకు నిలుచునో పరీక్షింపవలెనన్నచో, పుట్టుక, వ్యాప్తి, సేకరణము, ముద్రణము అను నాలుగు దశలకును వ్రాతమూలకమైన ఆధారములు దొరకు గీతసముదాయము కావలెను. ప్రాచీనగీతము లిట్టి పరీక్షకు లొంగవు. అమెరికా సంయుక్తరాష్ట్రముల పశ్చిమభాగమున పశువుల మందలను తోలిన కౌబాయిల గీతములు ఇందుకు మిక్కిలి తగియున్నవి. వీనిలో పెక్కులు పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున వెలసినవి. వానిని పాడినవారిని, కూర్చినవారిని గూర్చిన సాక్ష్యము చాలవఱకు నిలిచియున్నది.

మొదట శబ్దవిచారము. ఆంగ్లమున ధేనువాచకమగు 'కౌ' శబ్దమును, మన 'గౌః' శబ్దమును ఒకే మూలమునుండి వచ్చినవని తులనాత్మక భాషాశాస్త్రజ్ఞుల నిర్ణయము. కావున 'కౌబాయి' శబ్దమును 'గోపాలకుడు' అని తెనిగించుట అర్థమునకేగాక ధాతువునకును సమీపమే. ఈ వృత్తి నాంగ్లభాషులు మెక్సికోదేశీయులగు 'వాకేరో'ల యొద్ద నేర్చిరి. స్పానిషు భాషయందు 'వాకా' యనగా ఆవు. 'వాకేరో' యనగా ఆవులవాడు. ఆ శబ్దమే నెవాడా ప్రాంతమున 'బకరూ' యని మాఱినది. దక్షిణమున దాస్యవిముక్తులైన నల్లజాతివారును ఈ వృత్తియందు పెక్కండ్రుండిరి. ఈ మూడు జాతుల కలయికను గుర్తింపక ఈ గీతముల చరిత్రను చెప్పుట అసంపూర్ణము.

1865లో ఆ దేశపు అంతర్యుద్ధము ముగియునప్పటికి టెక్సాసు ప్రాంతమున పొడవుకొమ్ముల పశువులు లక్షలకొలదిగ పెరిగియుండెను. ఉత్తరమందలి నగరములలో మాంసమునకు గిరాకి హెచ్చు. 1867లో జోసెఫు మెకాయి యను వర్తకుడు కాన్ససు ప్రాంతమందలి అబిలీను పట్టణమున, రైలుమార్గముచెంత పశువుల దొడ్లను కట్టించెను. నాటినుండి సుమారు ఇరువదియేండ్లు మందలు దక్షిణమునుండి ఉత్తరమునకు నడచినవి. రెండుమూడువేల పశువుల మందకు పదిపండ్రెండుగురు రౌతులు, ఒక వంటబండి. పయనము రెండుమూడు మాసములు. 1874లో గ్లిడ్డెను అనువాడు ముండ్లతీగకు హక్కుపత్రము పొందుటయు, రైలుమార్గములు విస్తరించుటయు, 1886–87 నాటి ఘోరశీతకాలమున పశువులు మడియుటయు కలిసి ఆ బయలు మేతకాలమును ముగించెను.

రాత్రివేళ మందను పండబెట్టి, రౌతు లిద్దరు ఎదురెదురు దిశలలో దానిని చుట్టివచ్చుచు పాడుచుండిరి. చీకటిలో కొమ్మ విఱిగినను, గుఱ్ఱము తుమ్మినను పశువులు బెదరి ఒక్కుమ్మడిగ లేచి పరువెత్తును. ఆ తొక్కిసలాటలో మనుష్యులు గుఱ్ఱములతోకూడ చచ్చుటయు కలదు. ఎఱిగిన కంఠస్వరము విననగుచున్నంతసేపు మంద నెమ్మదించి యుండును. కావున అచట పాట కాలక్షేపము కాదు, కావలియందు భాగము. అందుచేతనే లయ విలంబితము. పదములు తెలియనిచోట క్రైస్తవకీర్తనలును, కీర్తనలు చాలనిచోట ఒట్టి అచ్చుల ఆలాపమును సరిపోయెడివి. పశువునకు స్వరముతో పని, పదముతో పనిలేదు. కవినామముతో బొత్తిగా లేదు. కవినామము జాఱిపోవుటకిది మొదటి కారణము.

రెండవ కారణము పాతపాటను క్రొత్తపనికి మలచుకొనుట. ఎడ్విను హబ్బెలు చాపిను అను క్రైస్తవబోధకుడు 1839లో, తన్ను సముద్రమున పాతిపెట్టవలదని వేడుకొను మృతప్రాయుని గూర్చి పద్యము ప్రకటించెను. ఆ పద్యమే పశుపాలకుల నోట, నిర్జనమైదానమున పాతిపెట్టవలదను గీతముగా మాఱినది. సముద్రపదము పోయి మైదానపదము వచ్చినది. తక్కిన కట్టడము నిలిచినది. ప్రకృతియాగమందలి మంత్రమును వికృతియాగమున దేవతాపదము మార్చి ప్రయోగించుటను మనవారు 'ఊహ' మందురు. దీనిని పతంజలి మహర్షి వ్యాకరణప్రయోజనములలో నొకటిగ లెక్కించెను. మైదానగీత మిట్టి ఊహమే. ఊహము చేసినవాడు నేర్పరి యగుగాక. మూలమునకు కర్త కాజాలడు.

ఇక సేకరణము. న్యూయార్కు నగరమున సంపన్నగృహమున 1867లో జన్మించిన హవర్డు థార్పు న్యూమెక్సికో చేరి పశువుల పనిలో దిగెను. అతడు 1889లో గుఱ్ఱముపై బయలుదేఱి, విడిదినుండి విడిదికి తిరుగుచు గీతములను వ్రాసికొనుట కారంభించెను. 1908లో ఎస్టాన్సియా యను చిన్నయూరి పత్రికాముద్రణశాలయందు తన సొమ్ముతో ఇరువదిమూడు గీతముల చిన్నపొత్తమును అచ్చువేయించెను. పశుపాలకుల గీతములకు ప్రత్యేకసంపుటములలో నిదియే మొదటిదని ప్రసిద్ధి. మంద బెదరినప్పుడు మృతుడైన యొక బాలుని గూర్చి 1898లో తాను రచించిన గీతమును అతడందు చేర్చెను. కాని కర్తగా తన పేరు వేసికొనలేదు. రెండేండ్లకు జాన్ లోమాక్సు వెలువరించిన పెద్దసంపుటమున ఆ గీతము అజ్ఞాతకర్తృకముగా కనబడినది. థార్పు అప్పటికి జీవించియేయున్నాడు; మఱి ముప్పదియేండ్లు జీవించి 1940లో మృతిచెందెను.

లోమాక్సు సామాన్యుడు కాడు. టెక్సాసులో పశువుల మార్గముచెంత పెరిగి, హార్వర్డు విశ్వవిద్యాలయమున కిట్రిడ్జి మున్నగు ఆచార్యుల ప్రోత్సాహమంది గీతముల సేకరించెను. 1910 నాటి యతని సంపుటమునకు థియొడోరు రూజ్వెల్టు లేఖ ముందుమాటగా నుండెను. మధ్యయుగపు ఇంగ్లండులో గాథలు పుట్టిన పరిస్థితులే ఈ క్రొత్తఖండమున మఱల కనబడుచున్నవని ఆ లేఖ తాత్పర్యము. సామూహికజననవాదము నాటి విద్వత్సభలలో బలముగ నుండెను. కర్త లేడని నమ్మినవాడు కర్తను వెదకడుగదా. అదిగాక, ఒక గీతపు పలుపాఠములనుండి మంచి చరణముల నేఱి కూర్చితినని లోమాక్సు తన పీఠికలో చెప్పుకొనెను. పాఠపరిష్కరణ మెఱిగినవారికి ఇందలి కష్టము చెప్పనక్కఱలేదు: అట్లు కూర్చిన పాఠము ఏ గాయకుడును పాడినది కాదు.

నెబ్రాస్కాకు చెందిన లూయీజు పౌండు అను విదుషి 1913లోనే ఈ వాదము నెదిరించి వ్యాసము ప్రకటించెను. పశుపాలకుల గీతములే సామూహికజననమునకు విరుద్ధసాక్ష్యమని యామె చూపెను. తరువాత వెలికివచ్చిన వృత్తాంతములు ఆమె పక్షమునే బలపఱచినవి. వానిలో మూడింటి నుదాహరింతును.

మొదటిది. మైదానమందలి తన యింటిని మెచ్చుకొను ప్రసిద్ధగీతము 'హోం ఆన్ ది రేంజి'ని లోమాక్సు సాన్ ఆంటోనియో నగరమున, పూర్వము మందలవెంట వంటవాడుగ నడచిన యొక నల్లజాతి గాయకుని నోట విని సంపుటమున చేర్చెను. కవినామము లేదు. 1930 తరువాత రేడియోవలన ఆ గీతము దేశమంతట మ్రోగగా, అరిజోనావాసులగు దంపతులు అది తమదని, అయిదులక్షల డాలర్ల పరిహారము కోరుచు 1934లో వ్యాజ్యము తెచ్చిరి. ప్రతివాదుల న్యాయవాది మోన్‌ఫెల్టు ఊరూర తిరిగి వృద్ధుల సాక్ష్యములను, పాతపత్రికలను శోధించి, దంపతులు చూపిన 1905 నాటి ముద్రణమునకు ముప్పదియేండ్ల పూర్వమే ఆ పద్యము కాన్ససు పత్రికలలో అచ్చుపడినదని నిరూపించెను. కర్త బ్రూస్టరు హిగ్లే యను వైద్యుడు; వరుస కట్టినవాడు డానియలు కెల్లీ. వ్యాజ్యము వీగిపోయినది, 1947లో ఆ గీతము కాన్ససు రాష్ట్రగీతమైనది. హిగ్లే 1911 వఱకు జీవించియుండెను. అనగా తన పద్యము అనాథగా అచ్చుపడిన నాటికి కవి బ్రతికియే యున్నాడు. అడిగినవాడు లేడు.

రెండవది. మోంటానాలో పశుపాలకుడైన ఓమాలీ 1893లో మైల్సుసిటీ పట్టణపు పశుపోషకుల పత్రికలో ఒక పద్యము ప్రకటించెను. అది నోటబడి, పేరు మాఱి, టెక్సాసువాడగు కార్లు స్ప్రేగు 1925లో గ్రామఫోనుపలకపై పాడగా విశేషఖ్యాతి కెక్కెను. ఖ్యాతి పాటకు వచ్చినది, ఓమాలీకి రాలేదు.

మూడవది బాడ్జరు క్లార్కు వృత్తాంతము. క్షయవ్యాధి నిమిత్తము అరిజోనాలో కొన్నియేండ్లుండిన ఈ కవి, పశుపాలకుని ప్రార్థనను వర్ణించి యొక పద్యము వ్రాసెను. అది 'అజ్ఞాతకవి' యను ముద్రతో తపాలాకార్డులపై అచ్చుపడి యమ్ముడుపోయెను. కవి యట్టి కార్డులను తానే ప్రోవుచేసికొనుచుండెను! అతని మఱియొక పద్యము, సింహమును త్రాటితో పట్టిన రౌతు కథ, జనుల నోట మాఱిన రూపమున 1917లో చికాగో నగరపు 'పొయెట్రి' పత్రికలో వెలువడినది.

ఇచట పూర్వపక్ష మొకటి. జనుల నోట పడి పద్యము నునుపెక్కును. కవి యుంచిన అనవసరపదములు రాలిపోవును. కావున జనుడును కర్తయే కదా యని. ఇందు సత్యము లేకపోలేదు. స్వతంత్రుడైనవాడు కర్త యని పాణిని లక్షణము. పద్యమును మార్చు గాయకునికిని మార్చినంతమేర స్వాతంత్ర్యము కలదు; అతడును కర్తయే. కాని యిందువలన కర్తలు పెరుగుదురేగాని లోపింపరు. కర్మణిప్రయోగమున 'గీతము పాడబడెను' అన్నప్పుడు కర్తృపదము వినబడదు. వినబడనంతమాత్రమున పాడినవాడు లేడని యే వైయాకరణుడును చెప్పడు. అనుక్తుడైన కర్త వేఱు, అసత్తైన కర్త వేఱు. సామూహికవాదులు మొదటిదానిని రెండవదానిగా భ్రమించిరి.

మీమాంసకులు వేదముల అపౌరుషేయత్వమునకు కర్తృస్మరణము లేకపోవుటను హేతువుగ చెప్పుదురు. కాని వారు దానిని విశేషణముతో చెప్పుదురు: కర్త యున్నచో తప్పక స్మరింపబడవలసినవాడై యుండియు స్మరింపబడలేదు గావున, అని. మందకాచు గాయకునికి కవిని స్మరింపవలసిన నిర్బంధమేమియు లేదు. విశేషణము లేనిచోట హేతువు సాధ్యమును సాధింపదు.

అట్లని గాయకులనందఱిని నిందింపరాదు. పేరు నిలిచినచోట్ల నిలిపినవారు గాయకులే. టెక్సాసులోని డాల్హార్టునివాసియగు జెస్సు మారిసు అను ఫిడేలువాద్యకారుడు 1942లో లోమాక్సునెదుట ఒక ప్రసిద్ధగీతమును పాడి, దానిని బాల్యమున తన తండ్రియొద్ద పనిచేసిన చార్లీ విల్లిసు అను దాస్యవిముక్తుడైన నల్లజాతి రౌతు తనకు నేర్పెనని చెప్పెను. ఆ యొక్కమాట లేకున్నచో విల్లిసు నామము నేడు వినబడదు. రేడియోగాయకుడు జాన్ వైటు తాను పాడు పాటల కర్తల వెదకి, ఓమాలీ మున్నగువారికి లేఖలు వ్రాసి వృత్తాంతముల సేకరించెను. ఆ పరిశోధనము 1975లో గ్రంథరూపమున వెలువడెను. సంపుటకారుడు విడిచినదానిని గాయకుడు పూరించెను.

1985 జనవరిలో నెవాడాయందలి ఎల్కో పట్టణమున జానపదశాస్త్రజ్ఞులును పశుపాలకులును కలిసి పశుపాలకకవుల సభ జరిపిరి. అది నాటినుండి ప్రసిద్ధమైన వార్షికసభయైనది. అచట స్వీయకవిత్వము చదువువారితోపాటు పూర్వకవుల పద్యములను ధారణచేసి చెప్పువారును కలరు. వారు పద్యమునకు ముందు కవినామము చెప్పుట వాడుక. లాసేంజిల్సు నగరపు వసతిగృహమున సామాను మోయు పనివాడై, 1950లో కన్నుమూసిన బ్రూసు కిస్కాడను పద్యములు ఈ పాఠకులవలననే మఱల జనులలో నాటుకొన్నవి. మంద కాచునాడు అక్కఱలేని కవినామము సభయందు అవసరమైనది. ప్రయోజనము మాఱగా స్మరణధర్మమును మాఱినది.

మన చాటుపద్యములందు దీనికి విపర్యయము కనబడును. అచట కవి యున్న పద్యము అనాథయగుచుండగా, ఇచట అనాథపద్యము శ్రీనాథుని పేరనో, తెనాలి రామకృష్ణుని పేరనో చెల్లుచున్నది. వేటూరి ప్రభాకరశాస్త్రిగారి చాటుపద్యమణిమంజరిని చదివిన వారికి ఈ చిక్కు తెలిసినదే. రెండుచోట్లను మూలదోష మొక్కటియే: చెప్పినవానిని ఆ సమయమున అడుగకపోవుట.

కావున పాఠశాలాపండితులకు నా మనవి. మీ గ్రామములలో కోతపాట, జోలపాట, గొల్లపాట వ్రాసికొనునప్పుడు పదములతోనే తృప్తిపడకుడు. పాడినవారి పేరు, వారికి నేర్పినవారి పేరు, వినికిడినిబట్టియైనను కట్టినవారి పేరు, ఊరు, తేది, ఈ యైదింటిని అదేపుటమీద వ్రాయుడు. పాఠాంతరములను కలుపక వేఱువేఱుగ నుంచుడు. తెలియనిచోట 'కర్త తెలియలేదు' అని వ్రాయుడు. 'కర్త లేడు' అని వ్రాయకుడు.