రియాసత్కారుడు గోవింద సఖారామ్ సర్దేశాయి

మహారాష్ట్రమున తరతరములుగా స్థిరపడిన తెలుగువారు తమ పూర్వుల చరిత్రమును దెలిసికొనగోరినచో మరాఠీ పత్రముల జోలికి పోక తప్పదు. ఆ పత్రములను వెలుగులోనికి దెచ్చినవారిలో ఇరువురు ముఖ్యులు. విశ్వనాథ కాశీనాథ రాజవాడేగారు ఊరూర దిరిగి, పాత కుటుంబముల పెట్టెలలో మ్రగ్గుచున్న లేఖలను సేకరించి ప్రకటించిరి. రెండవవారగు సర్దేశాయిగారు వృత్తిచే ఉపాధ్యాయులు. వారి చరిత్రరచన అంతయు పాఠము చెప్పవలసిన అవసరమునుండి పుట్టినదే.

సర్దేశాయిగారు 1865 మే 17వ తేదీన రత్నగిరి జిల్లాలో జన్మించిరి. రత్నగిరిలోను, పుణె, బొంబాయి కళాశాలలలోను చదివి పట్టభద్రులై, 1889లో బరోడా మహారాజగు సయాజీరావు గాయక్వాడు కొలువులో జేరిరి. మహారాజునకు గ్రంథములు చదివి వినిపించుటయు, రాజకుటుంబపు బాలబాలికలకు చదువు చెప్పుటయు వారి పని. ఈ సయాజీరావు సామాన్యుడు కాడు. పల్లెటూరి బాలుడై యుండి దత్తతవలన సింహాసన మెక్కినవాడు. 1906లో తన రాజ్యమంతట నిర్బంధ విద్యను నెలకొల్పినవాడు. అట్టి ప్రభువునొద్ద గ్రంథపఠనము చేయువానికి ఊరక కూర్చుండు వీలెక్కడిది?

శిష్యులకు స్వదేశ చరిత్రమును బోధింపబోగా, వారి చేతికీయదగిన మంచి పుస్తకము మరాఠీలో కానరాలేదు. గ్రాంట్ డఫ్ 1826లో వ్రాసిన ఆంగ్ల గ్రంథమున్నది గాని, అది గెలిచినవాడు ఓడినవారిని గూర్చి వ్రాసినది. అందుచే సర్దేశాయిగారు తామే పాఠముల కొరకు విషయములు వ్రాసికొనసాగిరి. అవి పెరిగి పెరిగి 1898లో 'ముసల్మానీ రియాసత్'గా వెలువడినవి. తరువాత 'మరాఠీ రియాసత్' ఎనిమిది భాగములు, 'బ్రిటిష్ రియాసత్' రెండు భాగములు వచ్చినవి. లోకులు వారి యింటిపేరును ప్రక్కనబెట్టి 'రియాసత్కార్' అని పిలువసాగిరి. ఇంచుమించుగా ఆ కాలముననే, నాగపురమున చదువుకొని మరాఠీలోనూ వ్యాసములు వ్రాసిన మన కొమర్రాజు లక్ష్మణరావుగారు 'హిందూ మహాయుగము', 'మహమ్మదీయ మహాయుగము' అను గ్రంథములను తెలుగున వెలయించిరి. దేశచరిత్రము దేశభాషలో సామాన్యునకు అందవలెనను తలంపు ఇరువురిదియు నొక్కటే.

1925లో కొలువు విడిచి, సర్దేశాయిగారు పుణెకు బొంబాయికి నడుమనున్న కామ్‌శేట్ అను చిన్న గ్రామమున స్థిరపడిరి. విశ్రాంతి మాత్రము లభింపలేదు. పుణెలోని పీష్వా దప్తరమును ఆంగ్ల ప్రభుత్వము చిరకాలము పండితులకు అందనీయక దాచియుంచినది. గుడ్డలలో మూటలుగా గట్టిన ఆ కాగితపు కట్టలకు 'రుమాళ్ళు' అని పేరు. అట్టి రుమాళ్ళు వేలకొలదిగ గలవు. వ్రాత చాలవరకు మోడీ లిపిలో. తుదకు వానిని శోధించు భారము, వంగదేశపు చరిత్రకారుడగు యదునాథ సర్కారుగారి ప్రోద్బలముచే, అరువదియైదేండ్ల సర్దేశాయిగారికి అప్పగింపబడినది. తమ ముంగిటనున్న నిధిని పరుల కప్పగించిరని పుణె పండితులలో కొందరు కినిసిరి. వారి బాధలో న్యాయము లేకపోలేదు. ఏండ్లతరబడి ఆ తలుపు తట్టినవారు వారే గదా! అయినను 1930 మొదలు 1934 వరకు నాలుగైదేండ్లలో నలువదియైదు సంపుటములు అచ్చైనవి. ఇంతటి వేగమున జరిగిన పనిలో లోపము లుండుట సహజము. కాని మందముగ సాగినచో అది ఎన్నటికి ముగిసెడిదో!

ఇచ్చట మెచ్చదగిన దొకటి గలదు. రియాసత్ గ్రంథములవలన పేరు గడించినవాడు, ఆ వ్రాతలను సవరింపవలసిన సాక్ష్యమును తన చేతులతోనే బయటపెట్టెను. అంతటితో ఆగక, క్రొత్త పత్రములను జీర్ణించుకొని, మూడు సంపుటముల మరాఠా చరిత్రమును ఆంగ్లమున క్రొత్తగా వ్రాసి 1946–48 నడుమ ప్రకటించెను. అప్పటికి వయసు ఎనుబది దాటినది. కుమారుడు శ్యామకాంతుడు చిన్నవయసుననే గతించెను. ఆ బిడ్డ లేఖలను గ్రంథముగా వెలువరించి, తండ్రి మరల తన పనిలో మునిగెను.

మన ప్రాంతముల చరిత్ర వ్రాయువారికి ఈ సంపుటములు తప్పనిసరి. పాల్ఖేడ్ (1728), ఉద్గీర్ (1760), రాక్షసభువనము (1763), ఖర్డా (1795) యుద్ధములన్నియు నిజాముతో జరిగినవే. ఆనాటి తెలంగాణము ఏ ఒత్తిడులకు లోనైనదో హైదరాబాదు పత్రములు మాత్రమే చూచినచో సగమే తెలియును. కాని మరాఠీ దేశమున బ్రతుకుదెరువు వెదకికొన్న మనవారిని గూర్చి అడిగినచో, సర్దేశాయిగారి సంపుటములు ఎక్కువ చెప్పవు. వారి చూపు రాజుల లేఖలపైన, సేనల నడకలపైన నిలిచినది. సాంఘిక విషయములకు కొంత చోటిచ్చినను, దప్తరములో అధిక భాగమగు జమాఖర్చుల కాగితములను వారు చాలవరకు ముట్టలేదు. షోలాపురపు పద్మశాలీల మగ్గములను గూర్చి గాని, బొంబాయిలో ఒక పేటకే తమ పేరిచ్చిన కామాఠీల కూలిని గూర్చి గాని విచారించువారు, రాయబారుల లేఖలకంటె అట్టి లెక్కల కాగితములను మొదట వెదకవలెను. అందులకు మోడీ లిపి నేర్చిన తెలుగు విద్యార్థులు కావలెను.

సర్దేశాయిగారికి భారత ప్రభుత్వము 1957లో పద్మభూషణ బిరుదమిచ్చి గౌరవించినది. అర్ధశతాబ్దికి మించి లేఖలతో సాగిన స్నేహమునకు తెరవేయుచు యదునాథ సర్కారుగారు 1958లో గతించిరి. మరుసటి సంవత్సరము, 1959 నవంబరు 29వ తేదీన, తొంబదినాలుగేండ్ల వయసున సర్దేశాయిగారు కన్నుమూసిరి.