రెండు రూపాయల బూట్లు

అమ్ముగూడ. సికింద్రాబాద్ కంటోన్మెంట్ అంచున ఉన్న ఊరు. 1950ల మొదటి రోజులు. పోలీసుల కాళ్లకు అరిగి, చిరిగి మూలపడ్డ బూట్ల జత ఒకటి మోచీ ముందు ఉంది. దాన్ని ఫుట్‌బాల్ బూట్లుగా మార్చి ఇస్తావా అని అడుగుతున్నాడు ఒక కుర్రాడు. రెండు రూపాయలవుతుందన్నాడు మోచీ. కుర్రాడి జేబులో పైసా లేదు. ఇంటికి పరుగెత్తి అమ్మను బతిమాలాడు.

ఆ ఇంట్లో రెండు రూపాయలంటే చిన్న సంగతి కాదు. అమ్మ ముత్తమ్మకు ఒకటే ఆశ: కొడుకు చదువుకోవాలి, సర్కారు కొలువులో కుదురుకోవాలి. బంతి వెంట పరుగెత్తితే అన్నం దొరుకుతుందని ఆ వాడలో ఎవరూ నమ్మే కాలం కాదు. అయినా డబ్బులు ఇచ్చింది. ఫుట్‌బాల్ బూట్ల అడుగున తోలు ముక్కలు పేర్చి మేకులు దిగగొట్టే రోజులవి. కొంచెం అరిగితే చాలు, మేకు అరికాలికి తగిలేది. పోలీసు కాళ్లను మోసిన ఆ తోలే తులసీదాస్ బలరామ్‌కు తొలి బూట్లయింది.

1936లో పుట్టిన ఈ కుర్రాడు ఇరవై ఏళ్లకే ఒలింపిక్స్ ఆడాడు. మధ్యలో జరిగిన సంగతే నాకు అన్నిటికంటే పెద్దదిగా కనిపిస్తుంది.

హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు, దేశ జట్టుకు కూడా కోచ్‌గా ఉన్న సయ్యద్ అబ్దుల్ రహీమ్ మొదట బడిపంతులు. పిల్లల్లో ఏముందో పసిగట్టడం ఆయనకు బడిలోనే అలవాటైంది. ఎడమ కాలు బలహీనంగా ఉన్న ఆటగాళ్ల కోసం, ఆ కాలితోనే ఆడాలని నిబంధన పెట్టి పోటీలు నడిపిన మనిషి. బలరామ్ ఆట ఆయన కంట పడింది. ప్రాక్టీసుకు రమ్మన్నారు. కుర్రాడు తల వంచుకుని, రాలేను సాబ్ అన్నాడు. అమ్ముగూడ నుంచి ఊళ్లోకి రోజూ వచ్చి పోవడానికి డబ్బుల్లేవు. రహీమ్ సాబ్ ఉపన్యాసం ఇవ్వలేదు, జాలి మాటలు చెప్పలేదు. కిరాయి సైకిల్‌కు డబ్బులు తన జేబులోంచి తీసి ఇచ్చారు.

చివ్వెంలలో ఉండి ఈ మాట రాస్తుంటే చేయి కాసేపు ఆగుతుంది. మాది సూర్యాపేట పక్క ఊరు. హైదరాబాద్ 130 కిలోమీటర్ల పైమాటే. సెలెక్షన్స్ ఉన్నాయని ఫోన్ వస్తే, పిల్లవాడు ఎంత బాగా ఆడతాడన్నది తర్వాతి ప్రశ్న. బస్ చార్జీ ఎవరు పెట్టాలి, రాత్రి ఎక్కడ పడుకోవాలి, నాన్నకు ఆ రోజు కూలి పోతే ఎట్లా అన్నవి ముందు. ఎంతమంది కబడ్డీ పిల్లలు, వాలీబాల్ పిల్లలు ఈ ప్రశ్నల దగ్గరే ఆగిపోయారో.

అవే రోజుల్లో అమెరికాలో మరో రకం తలుపు తెరుచుకుంది. 1950 అక్టోబర్ 31న రోచెస్టర్ నగరంలో వాషింగ్టన్ క్యాపిటల్స్ తరఫున ఎర్ల్ లాయిడ్ అనే నల్లజాతి యువకుడు బరిలోకి దిగాడు. ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్ మ్యాచ్ ఆడిన తొలి నల్లజాతి ఆటగాడు అతనే. రోజుల తేడాతో చక్ కూపర్, నాట్ క్లిఫ్టన్ కూడా వేర్వేరు జట్ల తరఫున ఆడారు. ఫోర్ట్ వేన్‌లో హోటల్ వాళ్లు లాయిడ్‌కు గది ఇచ్చారు కానీ భోజనాల హాల్లో కూర్చోనివ్వలేదు. కోచ్ బోన్స్ మెకిన్నీ అతని గదికే వెళ్లి, పక్కన కూర్చుని తిన్నాడు. అక్కడ అడ్డం వచ్చింది ఒంటి రంగు, ఇక్కడ ఖాళీ జేబు. రెండు చోట్లా చేయి అందించింది కోచే. 1955లో సిరక్యూస్ జట్టుతో లాయిడ్ ఛాంపియన్ అయ్యాడు.

మన బలరామ్ 1956లో మెల్‌బోర్న్ వెళ్లాడు. ఆ ఒలింపిక్స్‌లో సెమీస్ చేరి, నాలుగో స్థానంలో నిలిచింది భారత్. తర్వాత కలకత్తా పిలిచింది. 1957లో ఈస్ట్ బెంగాల్‌లో చేరాడు. 1961లో ఆ జట్టుకు కెప్టెన్.

రోమ్, 1960. ఎదుట హంగరీ. ఫ్లోరియాన్ ఆల్బర్ట్ ఉన్న జట్టు అది. 1967లో యూరప్ ఉత్తమ ఆటగాడిగా నిలిచింది ఆ ఆల్బర్టే. మనవాళ్లు రెండు గోల్స్ వెనకబడ్డారు. ఇంకొకరైతే డీలా పడేవారు. 79వ నిమిషంలో బలరామ్ బంతిని వలలో వేశాడు. స్కోరు 2-1. ఓడిపోయాం, నిజమే. కానీ ఆ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన జట్టుకు చివరిదాకా చెమటలు పట్టించాం. పెరూ మీద కూడా మన ఏకైక గోల్ అతనిదే. మధ్యలో ఫ్రాన్స్‌తో 1-1 డ్రా, ఆ గోల్ పీకే బెనర్జీది.

రెండేళ్లకు జకార్తా ఏషియన్ గేమ్స్. ఇజ్రాయెల్, తైవాన్ జట్లను రానివ్వకపోవడాన్ని భారత ప్రతినిధి గురుదత్ సోంధీ తప్పుపట్టడంతో అక్కడి జనం మన మీద మండిపడుతున్నారు. థాయ్‌లాండ్ మీద ఒక గోల్, జపాన్ మీద ఒక గోల్ బలరామ్ కొట్టాడు. మన డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు కుట్లతో ముందు వరసలో ఆడాడు. సెప్టెంబర్ 4న ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చారు. డగౌట్‌లో ఉన్న రహీమ్ సాబ్ ఒంట్లో అప్పటికే కేన్సర్ ఉంది.

1963 జూన్ 11న రహీమ్ సాబ్ పోయారు. అదే ఏడాది బలరామ్ ఆట కూడా ముగిసింది. ఊపిరితిత్తులకు ప్లూరిసీ సోకింది. ఆడితే ప్రమాదమని డాక్టర్లు చెప్పారు. అప్పటికి వయసు ఇరవయ్యేడేళ్ల దగ్గరే. ఫుట్‌బాల్ ఆటగాడికి అసలు బలం వచ్చే వయసది.

భారత జట్టు ఫార్వర్డ్‌లు చునీ గోస్వామి, పీకే, బలరామ్. ఆ ముగ్గురినీ విడదీసి చెప్పేవారు కాదు అప్పట్లో. చునీకి 1983లో, పీకేకి 1990లో పద్మశ్రీ వచ్చింది. బలరామ్‌కు 1962 నాటి అర్జున అవార్డు ఉంది, పద్మశ్రీ రాలేదు. ఆ బాధ ఆయన దాచుకోలేదు, దాచుకోవలసిన పనీ లేదు. హుగ్లీ నది పక్కన ఉత్తర్‌పాడాలో, పెళ్లి చేసుకోకుండా, ఒంటరిగానే బతికారు. 2023 ఫిబ్రవరి 16న కోల్‌కతాలో కన్నుమూశారు.

మరుసటి ఏడాది రహీమ్ సాబ్ మీద 'మైదాన్' సినిమా వచ్చింది. అందులో బలరామ్ పాత్ర కూడా ఉంది. ఫోన్లో ఆ సినిమా చూసిన మా చివ్వెంల పిల్లలు ఆయనది ఏ ఊరని అడిగారు. కలకత్తా అనుకున్నారట. అమ్ముగూడ అని చెప్పాను. అది సికింద్రాబాద్‌లోనే ఉందని వాళ్లు నమ్మడానికి మ్యాప్ తీసి చూపించాల్సి వచ్చింది.