కన్య బురుజు: ఏ శతాబ్దపు రూపం అసలైనది?

ఇస్తాంబుల్‌లో బాస్ఫరస్ జలసంధి దక్షిణ ముఖద్వారం వద్ద, ఆసియా తీరంలోని ఉస్కుదార్‌కు సుమారు 200 మీటర్ల దూరాన, చిన్న రాతి దీవిపై నిలిచిన కట్టడం కన్య బురుజు. తుర్కీ భాషలో దీని పేరు ‘కిజ్ కులేసి’.

బైజాంటియన్ చక్రవర్తి మొదటి మాన్యుయెల్ కొమ్నెనోస్ (పాలన 1143–1180) ఇక్కడ రక్షణ బురుజును నిర్మింపజేశాడు. దీనికీ, ఎదుటి ఐరోపా తీరంలోని మరో బురుజుకూ నడుమ ఇనుప గొలుసు బిగించి, శత్రు నౌకలను నిలువరించడం దాని ఉద్దేశం.

1453లో నగరం ఒట్టోమన్ల వశమయ్యాక బురుజు కావలి స్థావరంగానూ, దీపస్తంభంగానూ ఉపయోగపడింది. భూకంపం, అగ్నిప్రమాదం వల్ల దెబ్బతిన్న ప్రతిసారీ దానిని మళ్లీ కట్టారు. 1830లలో అంటువ్యాధి సోకినవారిని ఇక్కడే వేరుగా ఉంచారు. నేడు కనిపించే రూపంలో అధిక భాగం ఒట్టోమన్ కాలానిదే. ద్వారంపై 1832 నాటి పునర్నిర్మాణ శాసనంలో సుల్తాన్ రెండవ మహమూద్ రాజముద్ర ఉంది.

పాముకాటుతో మరణిస్తుందని జోస్యం చెప్పిన కుమార్తెను ఒక రాజు ఈ బురుజులో దాచాడని, పండ్ల బుట్టలో వచ్చిన పాము ఆమెను కాటువేసిందని స్థానిక గాథ. ఒంటిస్తంభపు మేడలో దాగినా, పండులో పురుగుగా వచ్చిన తక్షకుని బారినుండి తప్పించుకోలేని పరీక్షిన్మహారాజు కథను ఇది తలపిస్తుంది.

1940లలో జరిగిన మరమ్మతులలో లోపలి కొయ్య నిర్మాణం స్థానంలో కాంక్రీటును వాడారు. 1999 భూకంపం తరువాత చుట్టూ ఉక్కు ఆధారాలు అమర్చారు. 2000లో భోజనశాలగా తెరిచారు. 2021లో తుర్కీ సాంస్కృతిక, పర్యాటక శాఖ చేపట్టిన పునరుద్ధరణలో కాంక్రీటు భాగాలను తొలగించి, కొయ్యపనిని తిరిగి చేర్చారు. పనుల మధ్యలో బురుజు రూపురేఖలు కనిపించకపోవడంతో దానిని కూల్చివేశారన్న వదంతి సామాజిక మాధ్యమాలలో వ్యాపించింది. 2023 మే నెలలో అది సందర్శకులకు తిరిగి అందుబాటులోకి వచ్చింది.

పునరుద్ధరణ అంటే తొలి రూపానికి మరలడం కాదని ఈ ఉదంతం చూపుతుంది. మాన్యుయెల్ నాటి బురుజును మళ్లీ కట్టాలంటే దాని రూపానికి ఆధారాలు చాలవు; పైగా తరువాతి శతాబ్దాల చరిత్రను చెరిపివేయవలసి వస్తుంది. అందుకే నిపుణులు ఒట్టోమన్ రూపాన్ని ప్రమాణంగా తీసుకున్నారు. ఏ కాలపు పొరను నిలపాలి, దేనిని తొలగించాలి అన్న నిర్ణయమే పునరుద్ధరణలో అత్యంత కఠినమైన పని.