ఓడలో పంక్తిభేదం

మా మచ్చ బొల్లారానికి సముద్రం ఎటు చూసినా నూటయాభై మైళ్ళ పైమాటే. అయినా ఈమధ్య మా వీధిలో నలుగురు ఆడవాళ్ళం చేరితే ఓడ కబుర్లే కబుర్లు. సింగపూరులో ఉన్న కొడుకూ కోడలూ తీసికెళ్ళి ఓడ ఎక్కించారట ఒకావిడని. మామూలు గది కాదుట, సూట్! ఓడ ఎక్కేటప్పుడు వీళ్ళకి వరస లేదు, ముందుగా పంపేశారు. పెట్టెలు సర్దిపెట్టటానికి ఒక బట్లరు. భోజనానికి వేరే హాలు. ఈత కొలను దగ్గర వీళ్ళకోసం అట్టేపెట్టిన కుర్చీలు. "మరి మిగతావాళ్ళో?" అన్నాను. "వాళ్ళ హాలు వాళ్ళకుంది లెండి" అంది ఆవిడ తేలిగ్గా.

ఒకే పెళ్ళి పందిట్లో మగపెళ్ళివారికి విడిదింట్లో కాఫీ ఫలహారాలు, ఆడపెళ్ళివారి చుట్టాలకి పందిరి చివర మంచినీళ్ళు. ఇది మనకి తెలియని సంగతి కాదు. దానికి మన పెద్దవాళ్ళు పెట్టిన పేరు పంక్తిభేదం. ఒకే వరసలో కూచున్నవాళ్ళకి నెయ్యి ఒకరికి ఎక్కువా ఒకరికి తక్కువా వడ్డిస్తే మహాపాపం అనేది మా అమ్మమ్మ. ఓడ కంపెనీలు ఆ చిక్కు లేకుండా వరసలే వేరు చేసేశాయి!

సూట్ ఒక్కటే కాదు, ఇంకో మర్యాద కూడా ఉంది. పదేపదే అదే కంపెనీ ఓడ ఎక్కేవాళ్ళని లాయల్ ప్రయాణీకులంటారు. పాత చుట్టాలన్నమాట. రాయల్ కరేబియన్ అనే పెద్ద కంపెనీ లెక్క చూడండి. ఓడలో గడిపిన ప్రతి రాత్రికీ ఒక పాయింటు, సూట్‌లో అయితే రెండు. 3 పాయింట్లకి గోల్డు, 30కి ప్లాటినం, 55కి ఎమరాల్డు, 80కి డైమండు, 175కి డైమండ్ ప్లస్, 700 దాటితే అన్నిటికీ పై మెట్టు. మెట్టు పెరిగినకొద్దీ మర్యాదలు పెరుగుతాయి. విమానాల వాళ్ళు 1981లో అమెరికాలో మొదలుపెట్టిన మైళ్ళ లెక్కకి ఇది చెల్లెలు. బంగారం, పచ్చ, వజ్రం అంటూ పేర్లు మాత్రం మన ఆడవాళ్ళని చూసి పెట్టినట్టే ఉన్నాయి.

ఈ మర్యాదలు నిన్నా మొన్నా పుట్టినవి కావు. 1840లో కునార్డ్ కంపెనీ వారి బ్రిటానియా మొదటిసారి అట్లాంటిక్ దాటినప్పుడు పాలకోసం ఓడలో ఒక ఆవుని కట్టేశారు. పాపం, ఆ ఆవుకి సముద్రం పడిందో లేదో! 1844లో పీ అండ్ ఓ కంపెనీ థాకరే అనే రచయితకి మధ్యధరా సముద్రం చుట్టి రమ్మని ఉచితంగా టిక్కెట్టిచ్చింది. ఆయన రెండేళ్ళకి ఆ యాత్రమీద పుస్తకం రాశాడు. రచయితల్ని ఇలా మర్యాద చేసే కంపెనీలు ఇప్పుడు బొత్తిగా తగ్గిపోయాయని నాబోటివాళ్ళ బాధ. 1912లో మునిగిపోయిన టైటానిక్‌లో రెండు గొప్ప సూట్లకి సొంతంగా షికారు చేసుకునే వరండాలుండేవి.

ఇంత దూరం వెళ్ళక్కర్లేదు. ఆ పాత చుట్టాల్లో కొందరు మా బొల్లారంవాళ్ళే. ఇక్కడ తెల్ల సైన్యాధికారుల బంగళాలుండేవి. హైదరాబాదు రెసిడెంటుగారి వేసవి విడిది ఇక్కడే. ఇప్పుడది రాష్ట్రపతి నిలయం. 1847లో కట్టిన హోలీ ట్రినిటీ చర్చి ఇంకా ఉంది. 1983 నవంబరు 20న ఎలిజబెత్ రాణి తన పెళ్ళిరోజు ప్రార్థన అందులోనే చేసుకుంది. బొల్లారం సమాధుల తోటలో ఆ దొరల భార్యలూ చంటిపిల్లలూ ఉన్నారు. సెలవు మీద ఇంగ్లండు వెళ్ళాలంటే వాళ్ళు సికింద్రాబాదులో రైలెక్కి, వాడి మీదుగా బొంబాయి చేరి, అక్కడ ఓడ ఎక్కేవారు. 1874లో వేసిన లైను అది. వెళ్ళటం, రావటం, మళ్ళీ వెళ్ళటం. అందుకే కంపెనీకి వాళ్ళు ఇంటల్లుళ్ళలాంటివాళ్ళు. ఎవరు కెప్టెన్ బల్ల దగ్గర కూచోవాలి, ఎవరు రెండో బల్ల దగ్గర, అన్నీ హోదాలనిబట్టే.

చలికాలం రాగానే ఇంగ్లండునుంచి పెళ్ళికాని ఆడపిల్లలు కూడా ఆ ఓడల్లో దిగేవారు, ఇక్కడి అధికారుల్లో వరుళ్ళు దొరుకుతారని. దొరక్క తిరిగి వెళ్ళిపోయే పిల్లల్ని "ఖాళీ సీసాలు వెనక్కి పోతున్నాయి" అని వెక్కిరించేవారట. ఎంత మాట! పెళ్ళిచూపుల బాధ తెల్లవాళ్ళకి లేదనుకునేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. 1896లో ఓడ దిగిన చర్చిల్ అనే కుర్ర సైనికాధికారి ఆ నవంబరులో పోలో ఆడటానికి సికింద్రాబాదు వచ్చి, రెసిడెంటుగారమ్మాయి పమేలాని చూసి మనసు పారేసుకున్నాడు. పెళ్ళి మాత్రం కాలేదు.

గొప్పవాళ్ళని ఇంగ్లీషులో "పాష్" అంటారు కదా. వచ్చేటప్పుడు ఓడ ఎడమవైపు, పోయేటప్పుడు కుడివైపు గది దొరికితే ఎండ తగలదు. ఆ నాలుగు మాటల మొదటి అక్షరాలు కలిపి టిక్కెట్టుమీద ముద్ర వేసేవారు, పాష్ అనే మాట అలా పుట్టిందని కథ. కథ బాగుంది కానీ సాక్ష్యం లేదంటారు నిఘంటువులవాళ్ళు. ఎండ మాత్రం నిజం.

ఇక రాజులకి మర్యాదలు కంపెనీ చెయ్యక్కర్లేదు, వాళ్ళే చేసుకునేవారు. 1876లో మన సాలార్‌జంగు బోలెడు పరివారంతో యూరప్ వెళ్ళాడు. దారిలో పారిస్ హోటలు మెట్లమీద జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. 1902లో జయపూరు మహారాజు లండన్ వెళుతూ ఒలింపియా అనే కొత్త ఓడని మొత్తంగా అద్దెకి తీసుకుని, మనిషెత్తు వెండి గంగాళాల్లో గంగాజలం నింపుకుని వెళ్ళాడు. ఒక్కొక్కటీ 340 కిలోల పైచిలుకు. ఇప్పటికీ జయపూరు ప్యాలెస్‌లో చూడొచ్చు. సముద్రం దాటితే కులం పోతుందన్న రోజుల్లో ఆయనకి ఓడే పంచగంగ అయిపోయింది.

అలాంటి రోజుల్లోనే, ఆయనకంటే సుమారు ముప్ఫై ఏళ్ళ ముందు, మద్రాసునుంచి ఒక తెలుగావిడ ఇంగ్లండు వెళ్ళి వచ్చింది. పోతం జానకమ్మ రాఘవయ్య. తన యాత్రని తెలుగులో రాసుకుంది, 1876లో అది ఇంగ్లీషు పుస్తకంగా కూడా వచ్చింది. వెండి గంగాళాలు లేకుండా వెళ్ళిన ఆవిడ పేరు మన పిల్లల పాఠాల్లో ఎందుకు లేదో నాకు తెలియదు కానీ, గంగాళాల రాజు పేరు మాత్రం ప్రతి టూరిస్టు గైడూ చెబుతాడు.

ఇంతవరకూ చెప్పింది ఓడ పై అంతస్తు సంగతి. తెలుగువాళ్ళలో ఎక్కువమందికి తెలిసిన ఓడ వేరు. అది రంగం ఓడ. రంగూన్‌ని కోస్తావాళ్ళు రంగం అనేవారు. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం, బారువ రేవులనుంచి బ్రిటిష్ ఇండియా కంపెనీ స్టీమర్లు జనాన్ని ఎక్కించుకుని బంగాళాఖాతం దాటించేవి. చాలాచోట్ల స్టీమరు ఒడ్డుకి రాదు. నడి సముద్రంలో ఆగుతుంది. పడవల్లో వెళ్ళి, నిచ్చెన పట్టుకుని, పిల్లనీ మూటనీ చంకనేసుకుని ఎక్కాలి. చాలామందికి ఛార్జీ మేస్త్రీ పెట్టేవాడు, తర్వాత కూలిలో విరగ్గోసుకునేవాడు. బర్మావాళ్ళు మనవాళ్ళందర్నీ "కోరంగీలు" అనేవారు, కాకినాడ పక్కన ఉన్న కోరంగి రేవు పేరుతో. 1920లలో ఏటా లక్షలమంది ఇలా భారతదేశంనుంచి బర్మాకి వెళ్ళివచ్చేవారు. 1931 నాటికి రంగూన్ జనాభాలో సగానికి పైగా భారతీయులే. ధాన్యం మిల్లుల్లో, రేవులో బస్తాలు మోయటంలో తెలుగువాళ్ళదే పెద్దచెయ్యి.

వీళ్ళకి గది లేదు, మంచం లేదు. డెక్కుమీద చాప పరుచుకున్నంత మేరా వాళ్ళది. ఆ డెక్కు ఎలా ఉండేదో గాంధీగారు స్వయంగా చూశారు. 1915లో కలకత్తానుంచి రంగూన్‌కి ఆయన డెక్కు ప్రయాణీకుడిగానే వెళ్ళారు. స్నానాల గది అని చెప్పుకునేది అడుగుపెట్టలేనంత మురికిగా ఉందనీ, మరుగుదొడ్లు కంపు కొడుతూ ఉన్నాయనీ తన ఆత్మకథలో రాశారు. ఓడ అధికారికి చెప్పారు, లాభం లేకపోయింది. కంపెనీ ఏజెంటుకి ఉత్తరం రాశారు. ఆ ఉత్తరంవల్లా, రంగూన్‌లో ఆయన స్నేహితుడు డాక్టరు మెహతా పూనికవల్లా తిరుగు ప్రయాణం కాస్త సహించేట్టు ఉందట. అంటే డెక్కుమీదా మర్యాద చెయ్యవచ్చునన్నమాట. చెయ్యాలంటే గాంధీగారు కావాలి, ఉత్తరం రాయటం రావాలి. చంటిపిల్లతో మూటమీద కూచున్న కోరంగి కూలిమనిషి ఎవరికి రాస్తుంది?

ఇంకో సంగతి. బొల్లారం దొరసానుల పీ అండ్ ఓ కంపెనీ, రంగం కూలీల బ్రిటిష్ ఇండియా కంపెనీ 1914లో కలిసిపోయాయి. యజమానులు ఒకరే. ఒక చేత్తో కెప్టెన్ బల్ల, ఇంకో చేత్తో డెక్కుమీద జానెడు జాగా.

డెక్కు ప్రయాణీకులకి కంపెనీ ఒక్కసారి మాత్రం కానుకలిచ్చింది. అది మన కోస్తాలో కాదు, తూత్తుకుడిలో. 1906లో చిదంబరం పిళ్ళె స్వదేశీ స్టీమరు కంపెనీ పెట్టి, తూత్తుకుడినుంచి కొలంబోకి ఓడలు నడిపాడు. ఆయన్ని దెబ్బతియ్యటానికి తెల్ల కంపెనీ ఛార్జీ తగ్గించింది. ఇంకా తగ్గించింది. చివరికి ఉచితంగా ఎక్కించుకుని, పైగా తలకో గొడుగు కూడా చేతికిచ్చిందట! 1908లో పిళ్ళెని జైలుకి పంపారు. కొంతకాలానికి ఆ స్వదేశీ కంపెనీ మూతపడింది. గొడుగులూ ఆగిపోయాయి.

మళ్ళీ ఎదురు నిలబడింది సింధియా కంపెనీ. 1919 ఏప్రిల్ 5న వాళ్ళ మొదటి ఓడ బొంబాయినుంచి ఇంగ్లండుకి బయల్దేరింది. ఏటా ఆ తేదీనే జాతీయ నౌకాయాన దినం జరుపుకుంటాం. ఆ ఓడ పాత పేరు ఎంప్రెస్ ఆఫ్ ఇండియా. కొత్త పేరేమిటనుకున్నారు? లాయల్టీ! నాలుగేళ్ళకే దాన్ని తుక్కు కింద అమ్మేశారు. ఆ సింధియావారే తర్వాత విశాఖపట్నంలో ఓడల కర్మాగారం పెట్టారు. అక్కడ కట్టిన జల ఉష 1948లో నీటిలోకి దిగింది.

లాయల్టీ అన్నాను కనక ఒక చిన్న లెక్క వేసి చూశాను. విశాఖపట్నంనుంచి రంగంకి మూడు రాత్రులు అనుకోండి. పంటకోతలకి ఏటా వెళ్ళి ఏటా తిరిగొచ్చే మనిషికి ఏడాదికి ఆరు రాత్రులు. పద్నాలుగేళ్ళకి 84. ఈ రోజు లెక్కలో అతను డైమండు! ముందుగా ఎక్కించాలి, వేరే గదిలో కూచోబెట్టి కాఫీ ఇవ్వాలి, పేరు పెట్టి పలకరించాలి. బంగాళాఖాతం మీద ఆ మనిషికన్నా నమ్మకమైన పాత చుట్టం ఏ కంపెనీకైనా ఎవరున్నారు? కంపెనీ పుస్తకంలో అతను తలకాయల లెక్కలో ఒక తల.

1941 డిసెంబరులో జపానువాళ్ళు రంగూన్‌మీద బాంబులు వేసినప్పుడు ఈ పంక్తిభేదం ప్రాణాలమీదికి వచ్చింది. ఓడలో చోటు దొరికినవాళ్ళు బతికి బయటపడ్డారు. దొరకని లక్షలమంది కొండలూ అడవులూ పట్టి కాలినడకన బయల్దేరారు. ఆ దారుల్లోనూ తెల్లవాళ్ళ దారి ఒకటీ నల్లవాళ్ళ దారి ఒకటీ అని జనం చెప్పుకున్నారు. దారిలో పోయినవాళ్ళెందరో. యుద్ధం తర్వాత మళ్ళీ వెళ్ళినవాళ్ళని, వెళ్ళకుండా అక్కడే ఉండిపోయినవాళ్ళని 1962లో వచ్చిన సైనిక ప్రభుత్వం దుకాణాలు లాక్కుని ఇంటికి పంపింది. 1964 తర్వాత వాళ్ళు ఓడల్లో దిగినప్పుడు చేతిలో ఉన్నవి కట్టుబట్టలు. సంపాదించుకున్న బంగారం అక్కడే వదిలిరావాల్సి వచ్చింది.

విశాఖపట్నంలో అలా వచ్చినవాళ్ళు స్థిరపడిన పేటని ఇప్పటికీ బర్మా క్యాంపు అనే అంటారు. 2022 జూన్‌లో అదే ఊరి రేవునుంచి ఒక విలాసనౌక చెన్నైకి బయల్దేరింది. దాని పేరు కూడా ఎంప్రెస్. మరుసటేడు రేవులో అలాంటి ఓడలకోసమే ప్రత్యేకంగా ఒక టెర్మినల్ కట్టి తెరిచారు. బర్మా క్యాంపునుంచి అక్కడికి ఆటోలో వెళ్ళవచ్చు.