ముష్టియోధుడు జో లూయిస్

'ముష్టి' అనే మాటకు సంస్కృతంలో పిడికిలి అని అర్థం. పిడికెడు పరిమాణమనీ అర్థమే. పిడికెడు గింజలు అడిగి పెట్టించుకోవడం వల్ల తెలుగులో అది భిక్షకు పేరైంది. కంసుని మల్లులలో ముష్టికుడు ఒకడు. బలరాముని చేతిలో అతడు కూలిన ఘట్టం పాఠం చెబుతున్నప్పుడల్లా పిల్లలు ఆ పేరు విని నవ్వేవారు. అప్పుడు నేను పై రెండర్థాలనూ వివరించి ముందుకు సాగేవాణ్ణి. మిత్రులారా, ఈ రెండర్థాలూ ఒకే మనిషి జీవితంలో ఎదురుపడిన ఉదంతం ఒకటి ఆధునిక చరిత్రలో ఉన్నది. అది అమెరికా ముష్టియోధుడు జో లూయిస్ కథ.

జో లూయిస్ బారో 1914 మే 13న అలబామా రాష్ట్రంలో లఫాయెట్ సమీపాన జన్మించాడు. తల్లిదండ్రులు పత్తిచేలలో పాలికి సేద్యం చేసుకునే నల్లజాతివారు. 1926లో కుటుంబం డెట్రాయిట్ నగరానికి తరలిపోయింది. వయొలిన్ నేర్చుకోమని తల్లి ఇచ్చిన డబ్బును ఆ కుర్రవాడు వ్యాయామశాలకు చెల్లించాడని ఒక కథ ప్రచారంలో ఉన్నది. కొంతకాలం ఫోర్డు కర్మాగారంలో పనిచేసి, 1934 జూలై 4న వృత్తియోధుడుగా బరిలో దిగాడు.

అతనికి గురువు జాక్ బ్లాక్‌బర్న్. వ్యవహారాలు చూసినవారు జాన్ రాక్స్‌బరో, జూలియన్ బ్లాక్. ముగ్గురూ నల్లజాతివారే. 1908 నుండి 1915 వరకు హెవీవెయిట్ కిరీటం ధరించిన తొలి నల్లజాతి వీరుడు జాక్ జాన్సన్ తెల్లవారి కట్టుబాట్లను లెక్కచేయలేదు. ఫలితంగా కేసుల పాలై, దేశం విడిచి, చివరకు 1920లో చెరసాలకు వెళ్ళాడు. 1915 తర్వాత రెండు దశాబ్దాలకు పైగా ఏ నల్లజాతి యోధునికీ ఆ కిరీటం కోసం పోరాడే అవకాశమే రాలేదు. అందుచేత లూయిస్‌కు కొన్ని నియమాలు విధించారు. పడిపోయిన ప్రత్యర్థిని చూసి నవ్వరాదు. తెల్లజాతి స్త్రీతో ఒంటరిగా ఫొటో తీయించుకోరాదు. గెలుపులో పొంగరాదు. ఇరవై ఏళ్ళు దాటిన యువకుడు ముఖకవళికలను కూడా శాసనానికి లోబరచుకొని పోరాడాడన్నమాట.

1936 జూన్ 19న న్యూయార్క్ యాంకీ స్టేడియంలో జర్మనీ యోధుడు మాక్స్ ష్మెలింగ్ అతన్ని పన్నెండవ రౌండులో పడగొట్టాడు. లూయిస్ ఎడమచేతి దెబ్బ వేసిన వెంటనే ఆ చేతిని కిందికి జారనిస్తాడని ష్మెలింగ్ ముందే కనిపెట్టాడు. ఆ సందులో కుడిచేతి దెబ్బలు వేస్తూ పోయాడు. హిట్లర్ ప్రభుత్వం ఆ గెలుపును జాతి ఆధిక్యానికి నిదర్శనంగా చాటుకొన్నది. మరుసటి ఏడు జూన్ 22న లూయిస్ చికాగోలో జేమ్స్ బ్రాడాక్‌ను ఎనిమిదవ రౌండులో ఓడించి ప్రపంచ విజేత అయ్యాడు. కాని ష్మెలింగ్‌ను గెలిచేదాకా ఆ కిరీటం అతనికి సంపూర్ణం కాలేదు.

1938 జూన్ 22న అదే స్టేడియంలో, సుమారు 70 వేలమంది ఎదుట, వారిద్దరూ మళ్ళీ తలపడ్డారు. 124 సెకన్లలో పోరాటం ముగిసింది. తనవారిని అనేక హోటళ్ళలోనికి రానీయని దేశంలోనే, ఆ రాత్రికి లూయిస్ దేశమంతటికీ ప్రతినిధి అయ్యాడు.

ష్మెలింగ్‌ను దుష్టపాత్రగా చిత్రించడం మాత్రం న్యాయం కాదు. అతడు నాజీ పార్టీలో చేరలేదు. యూదుడైన తన మేనేజరును వదలుకోలేదు. 1938 నవంబరులో బెర్లిన్‌లో యూదులపై దాడులు జరిగినప్పుడు తన మిత్రుని కుమారులిద్దరిని తన గదిలో దాచి కాపాడాడు.

లూయిస్ తన కిరీటాన్ని 25 పర్యాయాలు నిలబెట్టుకొన్నాడు. హెవీవెయిట్ విభాగంలో ఆ సంఖ్యను నేటికీ ఎవరూ దాటలేదు. 1942 జనవరిలో బడ్డీ బేర్‌తో పోరాడి తన పారితోషికాన్ని నౌకాదళ సహాయనిధికి సమర్పించాడు. ఆనాడు ఆ నౌకాదళం నల్లవారిని వంటశాల, వడ్డన పనులలోకి తప్ప తీసుకునేది కాదు. ఆ సంగతి తెలిసే ఇచ్చాడు. వెంటనే సైన్యంలో చేరాడు. సిపాయి జీతం నెలకు 21 డాలర్లు. మార్చిలో ఏబ్ సైమన్‌తో పోరాడగా వచ్చిన సొమ్ము సైనిక సహాయనిధికి పోయింది. యుద్ధకాలంలో ఊరూరా ప్రదర్శన పోటీలిచ్చి సిపాయిలను ఉత్సాహపరచాడు. ఫోర్ట్ రైలీలో జాకీ రాబిన్సన్ మొదలైన నల్లజాతి సిపాయిలకు అధికారి శిక్షణ దక్కేందుకు తన పలుకుబడి వినియోగించాడు. ఆ రాబిన్సనే 1947లో బేస్‌బాల్‌లో వర్ణభేదపు గోడను దాటాడు.

యుద్ధం ముగిసింది, పన్నుల శాఖ లెక్కలు తీసింది. దానమిచ్చిన పారితోషికాలు సైతం అతని ఆదాయంగానే పరిగణన పొందాయి. అప్పట్లో పై తరగతి ఆదాయంపై పన్ను నూటికి 90 దాకా ఉండేది. లూయిస్ చేయి సహజంగా పెద్దది. అడిగినవారికి లేదనడు, గోల్ఫ్ పందేలు వదలడు, లెక్కలు చూసుకోడు. సంపాదనలో పెద్ద భాగం మేనేజర్లకే పోయేది. కనుక తప్పంతా ప్రభుత్వానిదే అనలేము. అయినా వడ్డీతో బాకీ పెరిగి పది లక్షల డాలర్లు దాటింది. 1953లో తల్లి చనిపోతూ అతనికి విడిచిన కొద్ది వందల డాలర్లను కూడా ఆ బాకీ కిందనే జమ కట్టుకొన్నారు.

1949లో విరమించినవాడు బాకీ తీర్చడానికి 1950లో మళ్ళీ బరిలోకి వచ్చి ఎజర్డ్ చార్లెస్ చేతిలో ఓడాడు. 1951 అక్టోబరులో రాకీ మార్సియానో అతన్ని ఎనిమిదవ రౌండులో తాళ్ళ మీదుగా పడవేశాడు. 1956లో, గెలుపోటములు ముందే నిర్ణయించే కుస్తీ ప్రదర్శనలలోకి దిగాడు. కడపటి దశలో లాస్ వెగాస్‌లోని సీజర్స్ ప్యాలెస్‌లో అతిథులను పలకరించే కొలువు. 1981 ఏప్రిల్ 12న మరణించాడు. అధ్యక్షుడు రేగన్ నిబంధన సడలించగా ఆర్లింగ్టన్ సైనిక శ్మశానంలో లాంఛనాలతో ఖననం జరిగింది. ఖర్చులలో ఒక భాగం భరించినవాడు ష్మెలింగ్. యుద్ధానంతరం వ్యాపారంలో సంపన్నుడై, లూయిస్‌ను వెతుక్కుంటూ వెళ్ళి స్నేహం చేసి, ఆదుకొన్నవాడూ అతడే. 2005లో 99 ఏళ్ళ వయసున కన్నుమూశాడు.

లూయిస్ చేయి చాచి అడిగినవాడు కాడు. అడగకుండానే దేశానికి ఇచ్చినవాడు. దేశం అతనికి పతకమిచ్చింది, సైనిక గౌరవమిచ్చింది, మినహాయింపు మాత్రం ఇవ్వలేదు. చట్టం అందరికీ ఒకటే అంటారు, నిజమే. కాని హోటలు గుమ్మం దగ్గర ఆనాడు చట్టం అందరికీ ఒకటిగా లేదు, పన్ను దగ్గర మాత్రం ఒకటైంది. నాకు ఈ కథలో బాధ కలిగించేది పేదరికం కంటె ఈ అసమానమే. విజ్ఞులైన మిత్రులు తమ అభిప్రాయం తెలియజేస్తే సంతోషిస్తాను.