పారబోయని బురద

అమీర్‌పేటలో గట్టి వాన పడితే మైత్రీవనం కూడలి చెరువవుతుంది. యూసుఫ్‌గూడ, కృష్ణానగర్ ఎత్తుల నుంచి దిగిన నీళ్లు అక్కడికే చేరతాయి. బంజారాహిల్స్ నుంచి దిగేవి పంజగుట్ట వైపు వస్తాయి. ట్రాఫిక్ ఆగిపోయిన రోజునే ఆ నీళ్లు మన కంటపడతాయి గానీ, నేల వాలుకు సెలవు రోజంటూ లేదు. ఈ వాలంతా హుస్సేన్‌సాగర్ వైపే. కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు నాలుగూ ఆ చెరువులోకే దారి తీస్తాయి. కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, హోటళ్లు కిక్కిరిసిన ఈ వీధుల్లో వాడిపారేసిన నీరు పైపులో పడకుండా నాలాలో పడిందంటే దాని మజిలీ ఎక్కడో వేరే చెప్పక్కర్లేదు.

ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో, 1562లో, హుస్సేన్‌షా వలీ కట్టించిన చెరువు ఇది. ఒకప్పుడు నగరం దాహం తీర్చింది. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాక ఆ బాధ్యత వాటి మీదికి వెళ్లింది. ఈ నీళ్లు తాగేవాళ్లు లేకపోయేసరికి కాపలా కూడా సడలింది. సనత్‌నగర్, బాలానగర్, జీడిమెట్లలో పరిశ్రమలు వచ్చాయి, వాటి చుట్టూ బస్తీలూ కాలనీలూ పెరిగాయి. వాన నీటి కోసం ఉన్న నాలాలు మురుగు కాలువలయ్యాయి.

మురుగు చెరువులో పడకుండా నగరం వెతుక్కున్న మొదటి ఉపాయం మళ్లింపు. నాలా చెరువులో కలిసే చోట అడ్డుకట్ట కట్టి, వానలు లేని రోజుల్లో పారే మురుగును పెద్ద పైపులోకి తిప్పి అంబర్‌పేట వైపు పంపడం. చెరువుకు ఊరట దొరికిన మాట నిజమే. కానీ ఇక్కడి కష్టాన్ని మూసీ నెత్తిన పెట్టినట్టయింది. అంబర్‌పేటలో 339 ఎంఎల్‌డీ, అంటే రోజుకు 33.9 కోట్ల లీటర్లు శుద్ధి చేసే కేంద్రం జాతీయ నదీ సంరక్షణ పథకం కింద వచ్చేదాకా మూసీ దిగువన ఉన్న పల్లెలు మన మురుగును చాలా ఏళ్లు భరించాయి. పైగా వాన పడితే నాలా అడ్డుకట్ట దాటి పొంగుతుంది, మురుగు మళ్లీ చెరువులోకే వస్తుంది. మురుగును పక్కకు పంపడం శుభ్రం చేయడం కాదని నగరానికి అలా తెలిసొచ్చింది.

అసలు మురుగును త్వరగా శుభ్రం చేయడం మనిషికి ఎలా తెలిసింది? అది కూడా ఒక నగరపాలక సంస్థ ప్రజల పన్ను డబ్బుతో నడిపిన ప్రయోగశాలలో తేలిన సంగతే.

ఇంగ్లండులోని మాంచెస్టర్ నూలు మిల్లుల ఊరు. దాని నదులు హుస్సేన్‌సాగర్ కంటే ముందే నల్లబడ్డాయి. ఆ ఊరి నగరపాలక సంస్థకు సలహాదారుగా ఉన్న రసాయన శాస్త్రవేత్త గిల్బర్ట్ ఫౌలర్ 1912లో అమెరికా వెళ్లి, మసాచుసెట్స్ రాష్ట్రంలోని లారెన్స్ ప్రయోగ కేంద్రంలో మురుగులోకి గాలి పంపే ప్రయోగాలు చూశారు. తిరిగొచ్చి ఆ ఆలోచనను డేవీహ్యూమ్ మురుగు శుద్ధి కేంద్రంలో పనిచేసే ఎడ్వర్డ్ ఆర్డెన్, విలియం లాకెట్‌ల చేతిలో పెట్టారు. వాళ్లిద్దరూ సీసాల్లో మురుగు నింపి, నాచు పెరగకుండా వెలుతురు తగలనివ్వకుండా చూసుకుంటూ, లోపలికి గాలి ఊదించారు. నీరు పూర్తిగా తేటపడటానికి సుమారు ఐదు వారాలు పట్టింది. ఏ ఊరూ తన మురుగును ఐదు వారాలు నిలవ ఉంచుకోలేదు.

అప్పటిదాకా ఇలాంటి ప్రయోగాలు చేసినవాళ్లలో చాలామంది నీరు తేరుకున్నాక అడుగున మిగిలిన బురదను పారబోసేవాళ్లు. ఆర్డెన్, లాకెట్ పారబోయలేదు. పైన తేరిన నీటిని మాత్రం వంపేసి, అదే బురద మీద కొత్త మురుగు పోసి మళ్లీ గాలి పట్టించారు. ఈసారి పని త్వరగా అయింది. తర్వాతిసారి ఇంకా త్వరగా. చివరికి ఐదు వారాల పని ఒక్క రోజులోపే తెమిలింది. మన ఇళ్లలో నిన్నటి పెరుగు కాస్త మిగిల్చి ఇవాళ్టి పాలకు తోడు పెట్టడం లాంటిదే ఇది. మురుగును తిని బతికే సూక్ష్మజీవులన్నీ ఆ బురదలోనే ఉన్నాయి. దాన్ని పారేసిన ప్రతిసారీ పనివాళ్లను పంపేసి మళ్లీ మొదటి నుంచి వెతుక్కున్నట్టయ్యేది. 1914 ఏప్రిల్ 3న మాంచెస్టర్‌లో రసాయన పరిశ్రమల సంఘం సమావేశంలో వాళ్లు ఈ ఫలితాన్ని చదివి, ఆ బురదకు ‘యాక్టివేటెడ్ స్లడ్జ్’ అని పేరు పెట్టారు. ఇవాళ ప్రపంచంలో ఎన్నో నగరాల మురుగును శుభ్రం చేస్తున్నది ఆ పద్ధతి, దాని వారసులే.

ఫౌలర్ అక్కడితో ఆగలేదు. 1916లో బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు వచ్చి జీవరసాయన శాస్త్రం బోధించారు. మురుగు శుద్ధి విద్య మన దేశపు పరిశోధకులకు అలా తొలి రోజుల్లోనే అందింది.

ఆర్డెన్, లాకెట్ చేసింది విడతల పద్ధతి. ఒకే తొట్టి నింపాలి, గాలి పట్టించాలి, ఆపి తేరనివ్వాలి, పైనీటిని తీసేయాలి, బురదను ఉంచి మళ్లీ నింపాలి. సీసాలో ఇది సులువే. ఊరంత పెద్ద తొట్టెల దగ్గర మాత్రం రాత్రింబగళ్లు మనుషులు కవాటాలు తిప్పుతూ కూర్చోవాల్సి వచ్చింది. అందుకే ఇంజినీర్లు విడతలు వదిలేసి, ఆగకుండా పారే ప్రవాహ పద్ధతికి వెళ్లిపోయారు. గాలికి ఒక తొట్టి, తేరడానికి ఇంకొకటి, బురదను వెనక్కి తోడే పంపులు, వీటన్నిటికీ విశాలమైన స్థలం కావాల్సి వచ్చింది.

విడతల పద్ధతి మళ్లీ బతకడానికి ఆరు దశాబ్దాలు పట్టింది. 1970లలో అమెరికాలోని నోటర్‌డామ్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ ఇర్విన్, సహచరులు దాన్ని తిరిగి చేతిలోకి తీసుకున్నారు. టైమర్లు, సెన్సర్లు, తర్వాత కంప్యూటర్లు కవాటాల పని చేయసాగాయి. 1980లో ఇండియానా రాష్ట్రంలోని కల్వర్ అనే చిన్న ఊళ్లో, ప్రభుత్వ పర్యావరణ సంస్థ నిధులతో, పూర్తి స్థాయిలో నడిపి చూపించారు. దానికే ఎస్‌బీఆర్, అంటే సీక్వెన్షియల్ బ్యాచ్ రియాక్టర్ అని పేరు.

హుస్సేన్‌సాగర్ లాంటి చెరువుకు ఇందులో ఇంకో మేలుంది. గాలి ఇచ్చేటప్పుడు ఒక రకం సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రేట్‌గా మారుస్తాయి. గాలి ఆపినప్పుడు మరో రకం ఆ నైట్రేట్‌ను నైట్రోజన్ వాయువుగా విడిచిపెడతాయి. ఫాస్ఫరస్ కూడా తగ్గుతుంది. నైట్రోజన్, ఫాస్ఫరస్ నీటిలో మిగిలితే చెరువులో నాచు, గుర్రపుడెక్క అల్లుకుంటాయి. నీరు కంటికి తేటగా ఉంటే సరిపోదు, వాటి ఎరువు కూడా తీసేయాలి.

హైదరాబాద్ ఈ దారికి మెట్టు మెట్టుగా వచ్చింది. 2006లో జపాన్ రుణంతో హుస్సేన్‌సాగర్, దాని పరీవాహక ప్రాంతాన్ని బాగుచేసే పథకం కుదిరింది. అంచనా సుమారు రూ.370 కోట్లు. ఖైరతాబాద్ వైపు 30 ఎంఎల్‌డీ, ఎగువన కూకట్‌పల్లి దగ్గర రంగధాముని చెరువు వద్ద 5 ఎంఎల్‌డీ శుద్ధి కేంద్రాలు వచ్చాయి.

2021 నాటికి జీహెచ్‌ఎంసీ పరిధిలో 1,650 ఎంఎల్‌డీ మురుగు పుడుతుంటే 25 కేంద్రాలు కలిసి 772 ఎంఎల్‌డీ మాత్రమే శుద్ధి చేయగలిగేవి. సగానికి పైగా అలాగే పారిపోయేది. ఆ ఏడాది రాష్ట్ర ప్రభుత్వం సుమారు రూ.3,866 కోట్లతో 31 కొత్త కేంద్రాలు మంజూరు చేసింది. మొత్తం సామర్థ్యం 1,259.5 ఎంఎల్‌డీ. జలమండలి ఎంచుకున్నది ఎస్‌బీఆర్ పద్ధతినే. స్థలం తక్కువ తీసుకుంటుంది కాబట్టి కిక్కిరిసిన నగరం నడుమ కూడా, మురుగు పుట్టిన చోటికి దగ్గరలో కట్టుకోవచ్చు. కూకట్‌పల్లి నాలా పక్కన ఫతేనగర్‌లో కట్టిన 133 ఎంఎల్‌డీ కేంద్రం అమీర్‌పేటకు కూతవేటు దూరమే. నాలా బల్కంపేట, బేగంపేట దాటి చెరువులో పడేలోపే మురుగును అందుకోవడానికి అనువైన చోటు అది. మాంచెస్టర్ సీసాలో తేలిన ఉపాయం నూరేళ్లు దాటాక మన నాలా గట్టుకు చేరింది.

అయితే ఏ శుద్ధి కేంద్రమైనా తన దగ్గరికి వచ్చిన మురుగునే శుభ్రం చేయగలదు. ఇంటి మురుగు పైపును వాన కాలువకు కలిపేస్తే అది కేంద్రం ముఖం చూడకుండానే చెరువుకు పోతుంది. హోటల్ వంటింటి నూనె, జిడ్డు మ్యాన్‌హోల్‌లో గడ్డకడితే పొంగిన మురుగు రోడ్డెక్కి అదే వాలున నాలాలో పడుతుంది. కర్మాగారం దొంగచాటుగా వదిలిన రసాయనం బురదలోని సూక్ష్మజీవులను చంపితే కోట్లు పోసి కట్టిన తొట్టి మళ్లీ కోలుకునేదాకా పనిచేయదు. కరెంటు బిల్లు కట్టడానికి, మిగులు బురదను సరిగా వదిలించుకోవడానికి ఏటా డబ్బు కేటాయించాలి. ప్రారంభోత్సవాలకు నాయకులు వస్తారు. నిర్వహణకు మాత్రం అడిగేవాళ్లు కావాలి.

మామూలు మురుగులో జీవరసాయన ఆక్సిజన్ అవసరం, అంటే బీఓడీ, లీటరుకు 200 మిల్లీగ్రాముల దరిదాపుల్లో ఉంటుంది. సరిగా నడిచే ఎస్‌బీఆర్ దాన్ని 10కి దిగువకు తేగలదు. ఫతేనగర్ నుంచి వదిలే నీటిలో అది ఎంతుందో బల్కంపేట, అమీర్‌పేట, పంజగుట్ట కాలనీల వాళ్లకు ప్రతి నెలా వార్డు కార్యాలయం గోడ మీద తెలుగులో కనిపించాలి. ఆ కేంద్రం మన డబ్బుతో కట్టింది, మన చెరువు కోసం కట్టింది. ఆ అంకె అడిగి తెలుసుకోవడం మన హక్కు. ఇంటి పైపు సరైన చోట కలిపిందో లేదో చూసుకోవడం మన బాధ్యత. ఈ రెండూ వదిలేస్తే మళ్లీ పాత మళ్లింపు రోజులకే వెళ్తాం. ఈ రెండూ పట్టుకుంటే నూరేళ్ల నాటి ఆ ఉపాయం మన చెరువు దగ్గర కూడా ఫలిస్తుంది.