అరవై సెకన్లు

అమెరికాలోని నెవాడా, బ్లాక్ రాక్ ఎడారి. ఎండాకాలం నిజాంసాగర్ అడుగు తేలినట్టు కనుచూపు మేర పగిలిన తెల్లమట్టి. గడ్డిపోచ లేదు. అందుకే ఇంత దూరం వచ్చావు. నీది బోధన్. చెరకు కొట్టిన మడిలో రాకెట్ లేపితే ఒక్క నిప్పురవ్వ చాలు, ఎండుటాకంతా అంటుకుంటుంది.

రాకెట్ నీ భుజం మీదుంది. నీ అంత పొడవు, 4 కిలోల బరువు. నున్నటి గొట్టం ఎయిర్‌ఫ్రేమ్. కొసన నోస్ కోన్. వెనక మూడు ఫిన్లు. రాత్రి దాన్ని వేలి మీద నిలబెట్టి తూచావు. బరువు నిలిచే చోటు ముందుండాలి, గాలి ఒత్తిడి పడే చోటు వెనకుండాలి. తారుమారైతే గాల్లోనే తిరగబడుతుంది.

మోటారు మీద జె420 అని ఉంది. హై పవర్ మోటార్లు హెచ్ అక్షరంతో మొదలవుతాయి. అక్షరం మారినప్పుడల్లా మొత్తం శక్తి హద్దు రెట్టింపు. 420 అంటే సగటున 420 న్యూటన్ల థ్రస్ట్. 40 కిలోల పైచిలుకు బరువును ఎత్తగలదు. లోపల రబ్బరు ముద్దలాంటి ఘన ఇంధనం. 2022 నవంబర్ 18న శ్రీహరికోటలో లేచి 89.5 కిలోమీటర్లు ఎక్కిన హైదరాబాద్ కంపెనీ స్కైరూట్ వాళ్ల విక్రమ్-ఎస్ రాకెట్‌దీ ఘన ఇంధనమే. చక్కెరతో ఇంధనం చేసేవాళ్లూ ఉన్నారు. దాన్ని రాకెట్ క్యాండీ అంటారు. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు నీకు మీ ఊరి శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ పాకం వాసన గుర్తొచ్చింది.

లాంచ్ రెయిల్ గాడిలోకి రాకెట్ బొత్తాములు ఎక్కించు. నిలబెట్టు. స్విచ్ తిప్పు. లోపల ఆల్టిమీటర్ మూడుసార్లు బీప్‌మంటుంది. రెండు పారాచూట్ల తీగలూ కలిశాయి. మోటారును రాజేసే ఇగ్నైటర్ అన్నిటికంటే చివర. అది లోపలికి పోయాక రాకెట్ ఇక నీ మాట వినకపోవచ్చు.

వెనక్కి నడువు. వంద అడుగులు దాటు. ఇవాళ నీ హై పవర్ లెవల్ 2 అర్హత పరీక్ష. ఎగిరితే చాలదు, పగలకుండా దిగాలి.

ఐదు. నాలుగు. మూడు. రెండు. ఒకటి.

బటన్ నొక్కావు.

ఏమీ లేదు.

నీ కాలు దానంతటదే ముందుకు పడింది. ఆగు. ఇగ్నైటర్ లోపల రాజుకుంటూ ఉండొచ్చు. ముందు బటన్ పెట్టె తాళంచెవి తియ్యి. కరెంటు తెగాలి. ఇక 60 సెకన్లు. ఎవరూ కదలరు. నీ గుండె చప్పుడు నీకే వినబడుతోంది. అరవై.

వెళ్లావు. ఇగ్నైటర్ మార్చావు. తిరిగొచ్చావు. మళ్లీ లెక్క. మళ్లీ బటన్.

నిప్పు.

చప్పుడు ఛాతీకి తగిలింది. ఒకటిన్నర సెకను. మంట ఆగింది. రాకెట్ ఇంకా ఎక్కుతోంది. చుక్కైంది.

ఆగింది. చిన్న పొగ. చిన్న పారాచూట్ విచ్చుకుంది. పడుతోంది. వేగంగా. పెద్దది ఏది?

కళ్లు తిప్పకు.

ఇంకా పడుతోంది.

ఫట్. ఎర్రగుడ్డ గాలి నింపుకుంది.

పరుగెత్తు. మూడు ఫిన్లూ ఉన్నాయి. గొట్టం ఇంకా వెచ్చగా ఉంది. మోకాళ్ల మీద కూర్చుని చెవి ఆనించు. ఎంత ఎత్తు ఎగిరిందో ఆల్టిమీటర్ ఒక్కో అంకె బీప్‌లలో చెబుతోంది, అడుగుల్లో. వేళ్లు మడుచుకుంటూ లెక్కపెడుతున్నావు. రెండు. తొమ్మిది. ఒకటి. నాలుగు.